పొగగొట్టం మీద పాలపొడి డబ్బా

జూన్, శనివారం రాత్రి

రేపటితో చేపల వేట నిషేధం ముగుస్తుంది. బోట్లన్నీ ఐసు కోసం మా ఫ్యాక్టరీ ముందు వరుస కడతాయి. ఈ రెండు నెలలూ పడుకోబెట్టిన జనరేటర్ ఇవాళ లేవకపోతే, కరెంటు పోయినప్పుడు ఐసంతా నీళ్ళే. ఆ బెంగతో పొద్దున్నుంచి నాకు అన్నం సయించలేదు.

నేనూ, నాతో పనిచేసే సింహాచలమూ బ్యాటరీ బిగించాం. బొట్లు పెట్టాం, నిమ్మకాయ కట్టాం, కొబ్బరికాయ కొట్టాం. స్టార్ట్ చేస్తే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"దిష్టి తగిల్నాదేటి బావా?" అన్నాడు సింహాచలం.

మూడోసారి ధామ్మంది! వాన నీళ్ళు పోకుండా, రెండు నెలల కిందట ఆపినప్పుడు మేమే దాని పొగగొట్టం మీద బోర్లించిన పాలపొడి డబ్బా ఎగిరి, బయట వల అల్లుకుంటున్న ఎర్రయ్య మావ ముందు పడింది. జనరేటర్ మాత్రం ఆగలేదు.

మావ డబ్బా పట్టుకుని వచ్చాడు. "దీనికీ బొట్టెట్టినారు గానీ, తియ్యడం మర్సిపోనారేట్రా!"

ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. అయినా నేను ఇంటికొచ్చేశాక రాత్రి డ్యూటీలో సింహాచలం ఒక్కడే, మళ్ళీ మొరాయిస్తే...

ఇది రాస్తుండగానే కరెంటు పోయింది. ఫోను వెలుతురులో రాస్తున్నాను. హార్బర్ వైపు, మా ఫ్యాక్టరీ నుంచి డుగుడుగుమని జనరేటర్ మోత మొదలైంది.

అబ్బ, ఎంత ఆకలేస్తోందో!