ఢిల్లీ–వాంకూవర్ లెక్కకు దారం సాక్ష్యం

దుర్గాశ్రీ,

అన్నం, పప్పుచారు గట్టు మీద ఉన్నాయి. భోజనం చెయ్యకుండా పుస్తకం తెరవకు.

నేను గ్లోబు, పూలు కట్టే దారం తీసుకుని మీ హెడ్మాస్టరు గారి దగ్గరకు వెళ్తున్నాను. ఢిల్లీ నుంచి వాంకూవర్‌కు విమానదూరం సుమారు పదకొండు వేల కిలోమీటర్లు, ప్రయాణం పద్నాలుగు గంటలు అన్న నీ జవాబే సరైనది. మీ సోషల్ మాష్టారు గోడ మీది ప్రపంచపటం మీద స్కేలుతో కొలిచి, తప్పని కొట్టివేసి, నిన్ను క్విజ్ జట్టులోంచి తీసివేయడం అన్యాయం. గ్లోబు మీద దారం బిగించి కొలవాలని మా కాన్వెంటులో సిస్టర్ నేర్పేరు. పొద్దున్న కొలిచేను. దారం ఉత్తర ధ్రువం వైపు నుంచే వెళ్లింది, లెక్క నీ పదకొండు వేలకే వచ్చింది.

ఇది నీకు ఎవరూ నేర్పలేదు. అందరి ముందూ జవాబు దిద్దమన్నా నువ్వు దిద్దలేదు. ఆ వయసులో నాకంత ధైర్యం లేదు.

నాయనమ్మ

తిన్న వెంటనే నువ్వూ అక్కడికి రా. దారం బిగించేటప్పుడు నా చేయి వణుకుతోంది. నీది వణకదు.