టోపీ కింద తల

చిరంజీవి వినీలకు మీ అమ్మ దీవించి రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ పాప తబిత కూడా ఇప్పుడు బాగుంది. అక్కడ నువ్వు పనిచేసే ఇంటివాళ్లు వేళకు తిండి పెడుతున్నారో లేదో అని నాకు ఒకటే బెంగ.

ఫోన్లో నీ మొహం చూస్తే నోరు పెగలడం లేదు. అందుకే మస్కట్ వస్తున్న మన వీధి రమేష్ బాబు చేతికి పూతరేకులతో పాటు ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నా మోకాళ్ల నొప్పి అడిగావు, తగ్గింది. మీ ఆయన సుకుమార్ రావులపాలెం అరటి మార్కెట్‌కి రోజూ పనికి వెళ్తున్నాడు. పాప కూర్చుంటోందా అన్నావు. ఇంకా లేదమ్మా. ఇంత ఎండలో దాని నెత్తిన ఎప్పుడూ ఆ టోపీ ఏంటని కోప్పడ్డావు. దానికే జవాబు రాయాలి.

నువ్వు వెళ్లాక పాప తల పెరగడం మొదలైంది. మన పేటలో నా కాళ్ల మీద పడుకుని నీళ్లు పోయించుకోని బిడ్డ లేదు కదా. ఎన్ని సొట్ట తలలు నూనె రాసి ఒత్తి గుండ్రంగా చేశానో! అలాంటిది నా మనవరాలి తల నా చేతికి లొంగలేదంటే నామోషీ అనిపించింది. ఇంకాస్త నూనె పట్టించి ఒత్తాను. ఆశా వర్కర్ ఏసమ్మ టేపు పెట్టి చూసి, "కొలత బాగా ఎక్కువుందండి పిన్నిగారూ, రాజమండ్రి తీసుకెళ్లండి" అంది. "నాకు చెప్పొచ్చావా?" అని పంపేశాను. సుకుమార్ అడిగితే, "చంటిపిల్లల సంగతి మీకేం తెలుసు బాబూ" అన్నాను. వీడియోలో నీకు కనబడకూడదని టోపీ పెట్టాను.

పాపకు వాంతులై, కళ్లు కిందికి వాలిపోయాక సుకుమార్ నా మాట వినకుండా ఎత్తుకుని రాజమండ్రి ఆసుపత్రికి పరుగెత్తాడు. మెదడులో నీరు చేరిందట. ఆపరేషన్ చేసి, తలలోంచి చర్మం కిందుగా పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. షంట్ అంటారట. ఎక్కువైన నీరు అందులోంచి దిగిపోతుంది. జబ్బు నా ఒత్తుడు వల్ల రాలేదన్నారు డాక్టరుగారు. "కానీ ముందే తేవాల్సిందండి. చూపు ఎంతవరకు ఉంటుందో ఇప్పుడే చెప్పలేం" అన్నారు. ఆ ఆలస్యం నాదే వినీలా. నీకు నేనే చెబుతానని సుకుమార్‌ని బతిమాలుకున్నాను.

చెవి వెనక గొట్టం బొడిపెలా తగులుతుంది. అక్కడ నొక్కకూడదట. ఇప్పుడు పాపకు సుకుమారే నీళ్లు పోస్తున్నాడు, నేను చెంబు అందిస్తున్నాను. నిన్న నా గొంతు విని నవ్వింది. నన్ను చూసిందో లేదో తెలియలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేస్తాను. టోపీ తీసేస్తాను. గుండు చేశారు, కుట్లున్నాయి, భయపడకు. ఫోన్ ఎత్తగానే మాట్లాడకమ్మా. ఊరికే చెయ్యి ఊపు. అది నిన్ను చూసి నవ్వితే, ఆ తర్వాత నన్ను ఎంత తిట్టినా వింటాను.

ఇట్లు,
నువ్వు నమ్మి బిడ్డను అప్పగించిన
మీ అమ్మ, రూతు