ఎడమ చెవిలో చెప్పిన మాట

బందరు, 1938 కార్తీకం, సోమవారం రాత్రి.

శారదకు ఎడమ చెవి వినపడక ఏళ్లవుతోంది. గులిమి అనుకుని, వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె పోస్తూ వచ్చాం. ఈమధ్య నడుస్తుంటే తూలుతోందని ఇవాళ డాక్టరుగారికి చూపించాను. ఆయన రెండు కొమ్ముల ఉక్కుకడ్డీని మోగించి చెవి దగ్గర పెట్టారు, దూదిపోగుతో కంటిని తాకి చూశారు. తర్వాత నన్నొక్కణ్ణే పిలిచారు.

"వినికిడి నరం మీద, తలలోపల కంతి ఉన్నట్టుందండీ. మద్రాసులో ఆపరేషను చేయించాలి. ప్రాణం దక్కినా, మొహం ఆ పక్క చచ్చుపడిపోవచ్చు."

జట్కాలో తిరిగొస్తుంటే గుడివాడలో మా కొత్తకాపురం గుర్తొచ్చింది. ఇంటినిండా జనం. శారద నెయ్యి వడ్డించడానికి వంగితే ఆ ఎడమ చెవిలోనే ఏదో ఒకటి గొణిగేవాణ్ణి. నవ్వాపుకోలేక నెయ్యిగిన్నెతో సహా వంటింట్లోకి పరుగెత్తేది. పక్క విస్తట్లో కలిపిన పప్పన్నం ముందు బాబాయి నెయ్యికోసం ఎదురుచూస్తూ కూర్చునేవాడు.

"డాక్టరుగారు ఏమన్నారండీ?" అంది శారద. నేను జట్కాలోంచి రోడ్డుకేసి చూశాను.

"భయపెట్టే మాటైతే ఈ చెవిలో చెప్పండి" అంటూ ఎడమ చెవి నావైపు తిప్పింది.

అందులోనే చెప్పేశాను, మొత్తం. అప్పటిలాగే నవ్వింది, నిండు మొహంతో.

రేపు కుడి చెవిలో చెప్పాలి.