మీ ఇష్టం సార్

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం, మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. నా మోకాలి సంగతి అడిగావు. రోజంతా కటింగ్ టేబుల్ ముందు నిలబడేదాన్ని, నొప్పి ఎక్కడికి పోతుంది? మరదలు పంపిన తైలం రాస్తున్నాను.

నువ్వు రాసిన ‘రిఫ్రెయిన్’ అర్థం నాలుగుసార్లు చదివాను. చేయగలిగి కూడా, చేయాలని ఉండి కూడా ఆపుకోవడం అన్నావు. దాని వెనక ‘ఫ్రమ్’ పెట్టమన్నావు. ఇంగ్లీషు మాస్టారివి, నీ మాట కాదంటానా? మా కొత్త మేనేజరు ఆ మాటతోనే కదా నాకు నోటీసిచ్చింది! అడగని సలహాలు ఇవ్వకుండా రిఫ్రెయిన్ కావాలట. దాన్ని అందరి ముందూ నాచేత చదివించాడు. ఆ మాట దగ్గర నేను తడబడితే పకపకా నవ్వాడు. ఇరవై రెండేళ్లుగా కత్తెర పట్టినదాన్నిరా! ఒళ్లు మండిపోయింది.

పోయిన నెల ఒక నాటకశాల తెర కుట్టే పని వచ్చింది. ఎర్ర మఖమలు. దాని నూగు అన్ని ముక్కల్లోనూ ఒకే వైపు పడాలి, లేకపోతే దీపాల కింద ఒక ముక్క నల్లగా, ఒక ముక్క వెలిసినట్టు కనిపిస్తాయి. ఈయనగారు గుడ్డ మిగల్చాలని సగం ముక్కలు తలకిందులుగా గీశాడు. చూడగానే తెలిసింది నాకు. నోరు మూసుకుని కోసేశాను.

తెర కట్టి దీపాలు వేసేసరికి చారల గుర్రంలా ఉంది! మా యజమాని నా మీదికొచ్చాడు.

“నీకు కనబడలేదా?”

“కనబడింది సార్. ఐ రిఫ్రెయిన్డ్ ఫ్రమ్ స్పీకింగ్,” అని నోటీసు ఆయన చేతిలో పెట్టాను.

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. సాయంత్రానికి ఉద్యోగం ఊడింది. తిక్క కుదిరింది.

ఇక్కడిదాకా రాసి కలం పెట్టేశాను. నీ దగ్గర దాచలేక మళ్లీ తీశాను. కోసేముందు ఆ మేనేజరు ఒక్కడే నా దగ్గరికి వచ్చాడురా. “అక్కా, నాకీ గుడ్డ కొత్త. ఇలా గీస్తే పర్వాలేదు కదా?” అని మెల్లగా అడిగాడు. అడిగాడు! ఇక నోటీసు ఏం అడ్డం? నేను కత్తెరకు నూనె రాసుకుంటూ, “మీ ఇష్టం సార్” అన్నాను.

యజమానికి ఈ సంగతి నేను చెప్పలేదు. ‘ఆవిడనడిగాను సార్’ అని ఒక్క మాట అంటే నన్నూ ఇంటికి పంపేవాళ్లు. ఆ మాట ఆయనా అనలేదు. నా వైపు ఒకసారి చూసి, సంచి తీసుకుని వెళ్లిపోయాడు. అలా వెళ్లిపోయి నా కసి తీరకుండా చేశాడు, దుర్మార్గుడు!

ఇట్లు,
నీ మొండి అక్క