గోదాములో లేని మనిషి

ప్రియమైన అక్కయ్యకు,

మొన్నటితో నాకు అరవై నిండాయి, నిన్నటితో ఉద్యోగం ఊడింది. ఫైర్ స్టేషన్ చీఫ్ అరవై దాటాక కుర్చీలో ఉండకూడదని రూలు ఉంది. ఉందని నాకూ తెలుసు. కానీ ఇన్నేళ్లలో దాన్ని పట్టించుకున్నవాడు లేడు. నాకు ముందున్న చీఫ్ అరవై నాలుగు దాకా చేశాడు. మున్సిపల్ కౌన్సిల్ ఏటేటా ఒక్కో ఏడాది పొడిగిస్తూ పోయింది. నాకు మాత్రం పొడిగించవద్దని, రూలు రూలేనని అర్జీ పెట్టిందెవరో తెలుసా? నా డిప్యూటీ. స్టేషన్‌లో అందరూ మెతకాయన అంటారే, వాడు. నిచ్చెన మీద వాడి కాళ్లు వణికే రోజుల్లో కింద నిలబడి పట్టుకుని పని నేర్పినవాణ్ణి నేను!

వీడ్కోలు సభలో నా పక్కనే నిలబడ్డాడు. కాలిన కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. ఎడమచేత్తో గోడగడియారం అందించి, "ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి సార్" అన్నాడు. ఆ గడియారం వాడి నెత్తినే వేయాలనిపించింది. పళ్లు నూరుతూ నవ్వాను. ఇంటికొస్తే నీ మరదలు, "పోనివ్వండి, వయసయింది కదా" అంది. ఒళ్లు మండి భోజనం మానేశాను.

నేను ఊరుకోనక్కా. ఆ కుర్చీ వాడికి అచ్చిరాకుండా చేస్తాను.

నీ మొండి తమ్ముడు


అక్కయ్యకు,

పగ పెట్టుకుంటే ఆరోగ్యం పాడవుతుందని రాశావు. నా ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది. పగ పుణ్యమా అని రోజూ అయిదింటికే లేస్తున్నాను.

దొరికాడు వాడు. పోయిన నెల పరుపుల గోదాము తగలబడింది కదా. కప్పు నిలవదని తెలిసి అందరినీ బయటికి రమ్మన్నాను. వచ్చేశారు. నేను వెనకతలుపు గుండా వచ్చి, ప్రహరీ అవతల కాసేపు ఊపిరి తీసుకున్నాను. ఇవతలికి వచ్చేసరికి ఈ మెతకాయన ఎవరినీ అడక్కుండా మళ్లీ లోపలికి దూరాడు. ఖాళీ గోదాములోకి! చెయ్యి కాల్చుకుని బయటపడ్డాడు. ఎందుకెళ్లావయ్యా అంటే, "పొరపాటైంది సార్" అని నసిగాడు. అప్పుడు జాలిపడి రిపోర్టులో రాయలేదు.

ఇప్పుడు రాశాను. ఆజ్ఞ మీరి ఖాళీ గోదాములోకి దూకేవాడి చేతిలో పదహారు మంది ప్రాణాలు ఎలా పెడతారని కౌన్సిల్‌కు నాలుగు పేజీలు పంపాను. ఎల్లుండి విచారణ. తప్పు రుజువైతే చీఫ్ పదవే కాదు, స్టేషన్ గడప కూడా తొక్కలేడు. నేను ముందు వరసలో కూర్చుని చూస్తాను.

నీ తమ్ముడు


అక్కా,

విచారణ అయింది. ఎలా రాయాలో తెలియడం లేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మంటల్లోకి వెళ్లే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్లను బండి దగ్గరి బోర్డుకు తగిలించి వెళ్లాలి. రాగానే తీసుకోవాలి. బిళ్ల వేలాడుతోందంటే మనిషి లోపలున్నట్టే. ఈ పద్ధతి పెట్టింది నేనే. బిళ్ల తీసుకోవడం మరచినవాళ్లతో వారం రోజులు బండ్లు కడిగించేవాణ్ణి.

కౌన్సిల్ అధ్యక్షురాలు వాణ్ణి అడిగింది, "గోదాము ఖాళీ అయ్యాక ఎందుకెళ్లారు?"

"బోర్డు మీద ఒక బిళ్ల మిగిలిపోయిందండీ. మనిషి ఉన్నాడనుకున్నాను."

"ఎవరి బిళ్ల?"

"పొగలో నంబరు కనబడలేదండీ."

"నంబరు కూడా చూడకుండా వెళ్లారా? అయితే తప్పు మీదేగా?"

"నాదేనండీ."

నా కడుపు చల్లబడింది. ఒక్క నిమిషమే. వెనకతలుపు గుండా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. బోర్డు దగ్గరికి నేను వెళ్లనేలేదు. మర్నాడు నా బిళ్ల నా బల్ల మీద ఉంటే నేనే పెట్టుకున్నాననుకున్నాను. వాడు నంబరు చూశాడక్కా. చూసే వెళ్లాడు, నాకోసం.

నిజం చెబుతున్నాను, వెంటనే లేవలేదు. నోరు మూసుకుంటే వాడి ఉద్యోగం పోతుంది, నా పరువు నిలుస్తుంది. అలా ఆలోచిస్తూనే కూర్చున్నాను. ఆవిడ సంతకానికి కలం మూత తీసింది. వాడు ఒక్కసారైనా నావైపు చూడలేదు. అప్పుడు లేచి, "ఆ బిళ్ల నాది" అన్నాను.

వరండాలోకి రాగానే వాడు నామీద అరిచాడు. మెతకాయన అరవడం నేనెప్పుడూ వినలేదు. "ఎందుకు చెప్పారు సార్? ఇది బయటికి రాకూడదనే కదా నేను ఆ అరవై ఏళ్ల రూలు పట్టుకున్నది! మతిమరుపని రాస్తే మిమ్మల్ని చులకన చేసి పంపేవాళ్లు. వయసంటే మర్యాదగా పంపుతారు. ఆ నెలలో మీరు బిళ్ల మరవడం అది మూడోసారి సార్!"

వాడి పదవి వాడికి ఉంది. నా సర్వీసు పుస్తకంలో మచ్చ పడింది. వాడిమీద కోపం పోయిందా అంటే పోలేదు. నాతో ఒక్క మాట అనకుండా నన్ను పసివాణ్ణి చేసి కాపాడాడు. అందుకు ఇంకా మండుతూనే ఉంది. కానీ మొదటి రెండు సార్లు ఎప్పుడో, ఎంత తలచుకున్నా నాకు గుర్తు రావడం లేదు.

ఈ సంగతులన్నీ నీకు ఇంతకుముందే ఒకసారి రాసి ఉంటే, నా దగ్గర దాచకుండా చెప్పక్కా.

నీ తమ్ముడు