రెండో కెమెరా మీద ఎర్రదీపం

ఉడుతా,

నీ ఉత్తరం చేరింది. టీవీ స్టేషన్లో శిక్షణకు చేరి నెల తిరగలేదు, అప్పుడే అమ్మమ్మను ప్రశ్నలతో తోమడం మొదలుపెట్టావు. "కటవే అనగా ప్రధాన దృశ్యమునకు అనుబంధముగా చూపబడు దృశ్యము" అని రాయించాడా మీ మాస్టారు? ఆయనకు కూడా అర్థమై ఉండదు, పాపం. నేను చెబుతా విను.

ఒకాయన మాట్లాడుతున్నాడనుకో. మధ్యలో నాలుగు మాటలు తీసెయ్యాలి. తీసేస్తే కుడివైపున్న తల టక్కున ఎడమవైపుకు గెంతుతుంది. అది జంప్ కట్. చూసేవాడికి తన కళ్ళ మీద తనకే అనుమానం వస్తుంది. అందుకని ఆ అతుకు మీద ఇంకో బొమ్మ వేస్తాం. వింటున్నవాళ్ళ మొహాలో, ఆయన చేతులో, గోడ గడియారమో. అదే కటవే. చిరుగు మీద మాసిక వేసినట్టన్నమాట. కుట్టు బాగా కుదిరితే అక్కడ చిరుగు ఉందనే ఎవరికీ తెలియదు. నా కుట్టు బాగా కుదిరేది.

టాలీ అంటే కెమెరా నెత్తిన ఉండే ఎర్రదీపం. కంట్రోల్ రూములో నేను ఏ కెమెరా మీట నొక్కితే ఆ బొమ్మ జనానికి వెళ్తుంది, ఆ కెమెరా దీపం వెలుగుతుంది. వెలిగినంతసేపూ దాని వెనకాల మనిషి కదలకూడదు. తుమ్మొస్తే మింగాలి, దోమ కుడితే కుట్టించుకోవాలి. ఇంట్లో నా మాట ఒక్కటీ చెవిన పెట్టని మీ తాతయ్య, నా దీపానికి మాత్రం రాతిబొమ్మలా నిలబడేవాడు. ఇంటికొచ్చాక "దీపం ఆర్పావా మేడం, ఇక కాఫీ తాగొచ్చా?" అని వెక్కిరించేవాడు.

నీ చివరి ప్రశ్నకు జవాబు ఎగ్గొడదామనే అనుకున్నాను. కానీ కాగితం ఇంకా మిగిలింది.

తాతయ్య ఎలా పోయాడని అడిగావు. మీ అమ్మ చెప్పే ఉంటుంది, అజాగ్రత్త అని. విచారణ కమిటీవాళ్ళూ అదే రాశారు. నువ్వు మెట్ల మీద పరిగెత్తినా, బూటు తాడు కట్టుకోకపోయినా "తాతయ్య పోలిక" అంటుందే, ఆ మాట నేను విననట్టు లేచి వంటింట్లోకి వెళ్తానే, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఆ రోజు స్టేడియంలో పరుగుపందెం లైవ్. డైరెక్టరుకు జ్వరం. చెప్పేదీ నేనే, నొక్కేదీ నేనే. మీ తాతయ్య రెండో కెమెరాతో ఇనప గొట్టాల మంచె మీద ఉన్నాడు. సాయంత్రానికి గాలి లేచింది. పందెం అయిపోయింది. గెలిచినవాళ్ళు అప్పటికే నీళ్ళు తాగుతున్నారు. ట్రాక్ మీద ఒక్కడే మిగిలాడు, మధ్యలో పడి లేచి కుంటుకుంటూ వస్తున్నవాడు. మీ తాతయ్య ఆ కుర్రాడి మొహాన్ని పట్టుకున్నాడు. నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అంత మంచి షాటు మానిటర్లో చూడలేదు. అప్పుడు హెడ్‌ఫోన్లో ఆయన గొంతు: "మంచె ఊగుతోంది, నన్ను తీసెయ్."

నా వేలు మూడో కెమెరా మీట మీదే ఉంది. నొక్కలేదు. "పట్టుకో. గీత దాటనీ. కదిలావో చంపేస్తా" అన్నాను. రోజుకు పదిసార్లు అనే మాటే. "సరే మేడం" అన్నాడు. తొమ్మిది సెకన్లు. కుర్రాడు గీత దాటాడు. బొమ్మ ఒక పక్కకు ఒరిగింది, మంచె కూలుతోంది. అప్పుడు నొక్కాను.

దీపం వెలుగుతోంది కాబట్టే దిగలేదు. ఇదీ ఆయన అజాగ్రత్త.

మీ అమ్మకు చెప్పకు. చెప్పాల్సింది నేను. ముప్పై ఆరేళ్ళుగా రేపు చెబుదాంలే అనుకుంటున్నాను.

అమ్మమ్మ


ఉడుతా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నామీద ప్రేమకొద్దీ ఆర్కైవ్‌లో దుమ్మంతా దులిపి ఆ టేపు బయటికి తీశావు. రెండో ఆడియో ట్రాక్ మీద హెడ్‌ఫోన్ మాటలు రికార్డయి ఉంటాయని కూడా కనిపెట్టావు. మంచి విద్యార్థివే. "అమ్మమ్మా, నువ్వు తప్పుగా గుర్తుపెట్టుకున్నావు. తాతయ్య తీసెయ్ అనగానే నువ్వు తీసేశావు. చప్పట్లు కొడుతున్న జనం వచ్చారు. తొమ్మిది సెకన్లూ వాళ్ళే ఉన్నారు. నువ్వు పట్టుకో అనడం టేపులో లేనే లేదు. ఇన్నేళ్ళు ఊరికే కుమిలిపోయావు" అని రాశావు. కింద చిన్న నవ్వుమొహం బొమ్మ కూడా వేశావు.

ఆ జనాన్ని మళ్ళీ చూడు తల్లీ. కొందరు ఎండకు చేతులు అడ్డం పెట్టుకున్నారు, మిగతావాళ్ళు కళ్ళు చికిలించి చప్పట్లు కొడుతున్నారు. ఆ గ్యాలరీకి ఎదురెండ తగిలేది పొద్దున. సాయంత్రం అదంతా నీడ. వాళ్ళు చప్పట్లు కొట్టింది పొద్దున మొదటి పందేనికి.

ఆ మాసిక వేసింది నేనే.

దహనం అయిన మూడో రోజు, కమిటీకి టేపు పంపమన్నారు. ఎడిట్ రూములో ఒక్కదాన్నే కూర్చున్నాను. కాపీ తీశాను. ఆ తొమ్మిది సెకన్ల మీద పొద్దున్నటి జనాన్ని పరిచాను. రెండో ట్రాక్ మీద నా గొంతు చెరిపాను. "సరే మేడం" కూడా చెరిపాను. అతుకు ఎక్కడా కనబడలేదని ఒక్క క్షణం తృప్తిగా కూడా అనిపించింది. నేను క్షమించుకోలేనిది ఆ క్షణాన్నే.

కమిటీవాళ్ళు చూశారు. "హెచ్చరించిన వెంటనే కెమెరాను తప్పించారు. దిగడానికి తొమ్మిది సెకన్ల వ్యవధి ఉన్ననూ దిగలేదు. ఆపరేటర్ అజాగ్రత్త" అని రాశారు. ఆ మాట రాయించింది నేను. మూడో కెమెరా ఆయన హెడ్‌ఫోన్లో అంతా విన్నాడు. నా మొహం చూసి గుర్తులేదన్నాడు. ఆయనా పోయాడు.

ఇంకొకటుంది. దీన్ని రాయడానికే రెండు రోజులు పట్టింది.

మీ అమ్మ ఆ రోజు ఇంట్లో టీవీ ముందుంది. పదేళ్ళది. కమిటీ కాగితం వచ్చాక నా కొంగు పట్టుకుని అంది: "జనం ఎక్కడొచ్చారమ్మా? కుంటుతున్న అన్న గీత దాటేదాకా నేను చూశాగా. ఆ తర్వాతే కదా బొమ్మ ఒరిగింది." నేనేమన్నానో తెలుసా? "చిన్నపిల్లవి, నీకేం గుర్తుంటుంది. పడుకో" అన్నాను. అది మళ్ళీ అడగలేదు. కొన్నాళ్ళకు జనమే వచ్చారని తనూ అనడం మొదలుపెట్టింది. ఇప్పటికీ తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వేశానో లేదో అని వెనక్కి వస్తుంది చూడు. అందరూ నవ్వుతారు. నువ్వూ నవ్వుతావు. తన కళ్ళను తాను నమ్మకుండా దాన్ని తయారుచేసింది నేనమ్మా.

అసలు టేపును మామూలుగానే చెరిపి మళ్ళీ వాడమన్నారు స్టేషన్లో. చేత కాలేదు. స్వెటర్లో చుట్టి ఇంటికి తెచ్చాను. ఇన్నేళ్ళూ నా పెట్టె అడుగున ఉంది. ఈ ఉత్తరంతో దాన్ని పంపుతున్నాను. అందులో ఆయన గొంతుంది, నాదీ ఉంది. మీ ఆర్కైవ్‌లో మెషిన్ ఉందన్నావు కదా, మీ అమ్మను తీసుకెళ్ళు. రెండో ట్రాక్ పెద్దగా పెట్టు. మధ్యలో ఆపకు. నా తరఫున ఒక్క ముక్క కూడా మాట్లాడకు. జాలి మాటలసలే వద్దు.

తర్వాత మీ అమ్మ నా గుమ్మం తొక్కనంటే బతిమాలకు. వస్తే, అది అనాల్సినవన్నీ అనేదాకా కదలకుండా కూర్చుంటాను. మీ తాతయ్యకు వచ్చిన విద్యే, నాకు ఈ వయసులో పట్టుబడుతుందో లేదో.

మీట నొక్కే ముందు మాత్రం మీ అమ్మతో ఈ మాట అను: "ఆ రోజు నువ్వు చూసింది నిజమేనటమ్మా."

అమ్మమ్మ