చక్కెరలో చెరుకు బండ్లు

బోధన్,
ఫిబ్రవరి 2

ఇందూరు కళా ప్రదర్శన సంఘం కార్యదర్శి పరమేశ్వర్ సారుకు, రాకాసిపేట దేవవ్వ చెప్పి రాయించేది. సల్లగుండు బిడ్డా.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తుంటే పక్కింటి లత రాస్తున్నది. నాకు డెబ్బై మూడేండ్లు.

మీ ప్రదర్శనలో పెట్టమని ముందటేడు నెమలి హారం, నిరుడు కలశం హారం పంపిన. రెండూ వద్దన్నరు. కానీ రెండు ఉత్తరాల చివర కూడా "మీరు మళ్లీ పాల్గొంటారని ఆశిస్తున్నాం" అని రాసిండ్రట. లతతో మూడుసార్లు చదివించుకున్న. మా ఇంటాయన నలభై ఏండ్ల కాపురంలో నా మీద ఏ ఆశా పెట్టుకోలేదు. మీరు పెట్టుకున్నరు. ఇంత ఆశపడ్డ మనిషిని కాదంటే నాకు పాపం తగలదా? అందుకే మళ్లీ పంపుతున్న.

హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు మీకు తెలిసినవే. టేకు చెక్కలో అచ్చు చెక్కి, దారం పరిచి, పాకం పోసి తీసే హారాలు. యాభై ఏండ్లుగా నా పని అదే. కానీ ఈసారిది పండుగ హారం కాదు. చిన్నప్పుడు నేను పేలాల గంప నెత్తిన పెట్టుకొని శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడ అమ్మేదాన్ని. చెరుకు బండ్ల వరుసకు మొదలు కనబడితే చివర కనబడకపోయేది. అమ్ముడు మరిచి నోరు తెరుచుకొని చూసేదాన్ని. ఆ వరుసనే చేసిన. ముప్పై రెండు బండ్లు, అరవై నాలుగు ఎద్దులు. ఒక ఎద్దు మొఖం ఇంకోదానికి రాదు.

ఇన్నేండ్లు నా పనిని అందరూ తిన్నరు. ఒక్కరన్నా చూడాలె. కింద "దేవవ్వ చేసింది" అని చీటీ పెట్టాలె. అంతే నా దావా.

ఇట్లు,
దేవవ్వ (వేలిముద్ర)

తా.క.: డబ్బాను బస్సులో పంపిన. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఈ డబ్బా ఆడమనిషిదే అన్న. లోపల ఉన్నవి ఎద్దులని తెలిసి కండక్టర్ టికెట్ కొట్టిండు.


నిజామాబాద్,
ఫిబ్రవరి 9

గౌరవనీయులైన దేవవ్వ గారికి నమస్కారాలు.

మీ డబ్బా సోమవారం అందింది. మీ ఉత్తరం బుధవారం అందింది. మధ్యలో మంగళవారం ఏం జరిగిందో ఎలా రాయాలో తెలియడం లేదు.

ఎవరో అభిమాని హోలీకి ముందుగానే చక్కెర పేర్లు పంపారనుకున్నాం. "ఎంత బాగా చేశారో!" అని మెచ్చుకుంటూనే సిబ్బందికి పంచాం. నావంతుగా నాలుగు బండ్లు తిన్నాను. క్షమించండి.

అయితే తినకపోయినా ఫలితం మారేది కాదని విచారంతో తెలియజేస్తున్నాను. ఉగాదికి జరిగే ప్రదర్శన ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ కళాఖండం చెడకుండా ఉండాలన్నది నిబంధన. చక్కెరకు అది సాధ్యం కాదు. కనుక మీ దరఖాస్తు ఎంపిక కాలేదు. మీరు మళ్లీ పాల్గొంటారని ఆశిస్తున్నాం.

భవదీయుడు,
పరమేశ్వర్

తా.క.: ఒక్క ఎద్దు మిగిలింది. మా అటెండర్ సిద్దిరాములు జేబులోంచి దాన్ని స్వాధీనం చేసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. చీమలకు తాళంచెవి అక్కర్లేదని ఈ ఉదయం తెలిసింది.


బోధన్,
ఫిబ్రవరి 14

పరమేశ్వర్ సారుకు దేవవ్వ రాయించేది. ఈసారి సల్లగుండు అనను.

ముప్పై రెండు బండ్ల చెరుకు ఒక్క పూటలో మాయం చేసిండ్రా! ఫ్యాక్టరీ మంచిగా నడిచిన రోజుల్లో కూడా గంత తొందరగా చెరుకు గుంజలేదు. నువ్వే నాలుగు బండ్లు తింటివి, ఎనిమిది ఎద్దులు! కడుపా అది, కొట్టమా?

తిట్టడం అయిపోయింది. ఉత్తరం చివర మళ్లీ ఆశపెట్టుకున్నవట. నీ ఆశకు అలుపు లేదు బిడ్డా, నా చేతికి కూడా లేదు. ఇంకో హారం పోసి పంపుతున్న.

మీ నిబంధన లతతో మళ్లీ చదివించిన. కళాఖండం ఐదు రోజులు ఉండాలని ఉన్నది. పొద్దుకొకటి కొత్తది పోయొద్దని ఎక్కడా లేదు. పొయ్యి, అచ్చులు, చక్కెర పట్టుకొని నేనే వస్త. రోజూ మీ కండ్ల ముందే పోస్త. ఇప్పుడు ఏం సాకు చెప్తవో చెప్పు.

ఈ హారం మీద చేయి వేస్తే మాత్రం మీకే తెలుస్తది.

ఇట్లు,
దేవవ్వ (వేలిముద్ర, గట్టిగా వేసింది)

తా.క.: సార్, నేను లతను. అవ్వకు తెలియకుండా రాస్తున్నాను. ఈసారి పాకంలో వేపాకు కషాయం కలిపింది. దయచేసి నాలుక మీద పెట్టకండి.


నిజామాబాద్,
ఫిబ్రవరి 25

పూజ్యులైన దేవవ్వ గారికి,

లత గారి తాజా కలం ఉత్తరం చివర ఉంది. సిద్దిరాములు అంతవరకు ఆగలేదు.

అతని మొహం చూశాక హారాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తినడానికి వీల్లేక మొదటిసారి చూశాం. అలా చూడాల్సి వచ్చినందుకు సిగ్గుగా ఉంది.

మా న్యాయనిర్ణేత శ్యామలమ్మ గారు ముప్పై ఏళ్లుగా చిత్రాలు వేస్తున్నారు. ఆమె హారాన్ని కిటికీకి వేలాడదీశారు. ఎండ చక్కెరలోంచి దిగి ఎదురుగోడ మీద పడింది. గోడ పొడవునా బండ్లు కదిలాయి. ఒక ఎద్దు కంటి కింద ఈగ ఉంది. ఒక బండివాడు నిద్రలో జోగుతున్నాడు. గదిలో ఉన్న పదకొండు మందిమీ గోడ దగ్గరికి జరిగాం. చివరికి శ్యామలమ్మ గారు, "ఈ చేతిని రెండేళ్లు వద్దన్నది మనమేనా?" అన్నారు. మేమే. సంతకం నాదే.

మీ హారం ఎంపికైంది. ద్వారం ఎదురుగా పెడతాం, మీరు రోజూ పోయడానికి పక్కనే పొయ్యికి చోటిస్తాం. మీ చీటీ నేనే రాస్తాను.

వినయంతో,
పరమేశ్వర్

తా.క.: సిద్దిరాములుకు మూడు రోజులుగా చాయ్ కూడా చేదుగానే ఉందట. పదవీ విరమణ దాకా ఇంతేనా అని అడగమన్నాడు.


బోధన్,
ఏప్రిల్ 28

పరమేశ్వర్ సారుకు దేవవ్వ రాయించేది. సల్లగుండు బిడ్డా. పోయినసారి అననిది కూడా కలుపుకో.

హారాన్ని హైదరాబాద్‌లో పెద్ద ప్రదర్శనకు పంపుతామని రాసినవు. దానికే ఈ జవాబు.

ప్రదర్శన ఐదో రోజు, నువ్వు అన్నానికి పోయినప్పుడు, వర్ని నుంచి ముత్యం అని ఒక ముసలాయన వచ్చిండు. నా కంటే పదేండ్లు పెద్ద. అందరూ ఫోటోలు దిగి పోతుంటే ఆయన మాత్రం మొదటి బండి నుంచి ఒక్కో ఎద్దునూ పలకరించినట్టు చూస్తూ, ఏడో బండి కాడ ఆగిండు.

"గిది నా బండి," అన్నడు.

"ఎట్ల ఎరుక?"

"కొమ్ము ఇరిగినోడు మా మల్లిగాడు. అవ్వా, పేలాల గంప పిల్లవు నువ్వేనా? మంచిగ చేసినవు గాని తప్పు చేసినవు. మల్లిగాడు వలపటెద్దు. నువ్వు దాపట కట్టినవు."

అంటే కుడివైపు ఎద్దును ఎడమవైపు కట్టిన్నట. నేను ఊకుంటనా?

"యాభై ఏండ్ల పనితనానికి వంకలు పెడుతవా? పో, కండ్లద్దాలు మార్చుకో!"

"పన్నెండేండ్లు దాని తోక ఎనుకనే కూసున్న. నా ఎద్దు నాకెరుక లేదా? నువ్వే సూడు!"

చూసిన. ఆయన చెప్పిందే నిజం సారూ. అచ్చులో కుడికి చెక్కింది, పాకం పోసి తీస్తే ఎడమకు వస్తది. నెమలి, కలశం ఎటు తిరిగినా ఒకటే, యాభై ఏండ్లు ఆ బాధ రాలేదు. బండ్లను మాత్రం చూసింది చూసినట్టే చెక్కిన. అరవై నాలుగు ఎద్దులూ అటుదిటు అయినయ్. మీ పెద్దలు చూసిండ్రు, పేపరోళ్లు చూసిండ్రు, నేనూ చూసిన. ఎవరికీ కానరాలేదు.

నన్ను వద్దన్నోళ్లు చానామంది. తప్పు పట్టినోడు ఈయనొక్కడే. తప్పు పట్టాలంటే ఎంత చూడాలె! ఆయనకు చేతులెత్తి దండం పెట్టిన.

అందుకే హైదరాబాద్‌కు పంపకు. ఈసారి ఆ హారాన్ని వద్దంటున్నది నేను. ముప్పై రెండు అచ్చులూ మళ్లీ చెక్కుతున్న. ఒక్కటి అయింది. మల్లిగాడు వలపటికి వచ్చిండు.

ఇట్లు,
దేవవ్వ (వేలిముద్ర)

తా.క.: ముత్యం వారానికోసారి వచ్చి, నేను చెక్కుతుంటే పక్కన కూర్చుంటున్నడు. పదకొండో బండి ఎద్దుకు నుదుట మచ్చ ఉండేదన్నడు. లేదన్న. ఉండెనన్నడు. ఉలి చూపించిన. మచ్చ పన్నెండో బండి ఎద్దుదని యాదికొచ్చిందట.